రాజుగారి కత్తికి సిగ్నల్ పడలేదు

మహారాజశ్రీ సిగ్నల్ దీపాల చక్రవర్తి, మా అమ్మకి ఉన్న ఒకే ఒక్క తమ్ముడు అయిన మావయ్య గారి సముఖానికి,

మేనల్లుడు వంగి నమస్కరించి, నడుం పట్టేసి, ఆ భంగిమలోనే రాసుకుంటున్న విన్నపం.

ఇక్కడంతా కులాసా. అక్కడా అంతేనని నమ్ముతున్నాను. లేకపోతే అత్తయ్య ఈపాటికి రాసేది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ "నోటిమాట మీద పని మొదలుపెట్టను, కాగితం రావాలి" అనే నీ నియమం నువ్వు రిటైరైనా తను రిటైరవలేదని తెలుసు. అందుకని కాగితం.

విషయం: వెలిగే కత్తి ఒకటి కావలెను.

కంగారుపడకు, ఎవరినీ పొడవడానికి కాదు. మా నీటి సరఫరా ఆఫీసు నాటక బృందం ఈ ఏడు శాఖల పోటీకి రాజుల కథ వేస్తోంది. ఈ బృందంలో ఆరేళ్ళుగా నేను భటుణ్ణి. తెర లేచేసరికి స్తంభం పక్కన నిలబడి ఉంటాను. రెండో రంగంలో ఎవడో ఒకడు వచ్చి పొడుస్తాడు, పడిపోతాను. మూడో రంగం నుంచి తెర వెనక కప్పులు కడుగుతాను. స్తంభానికీ నాకూ ఉన్న తేడా ఒక్కటే. స్తంభాన్ని ఎవరూ పొడవరు.

ఈసారి దర్శకురాలు, అంటే మా సూపరింటెండెంట్ మేడమ్, ఒక ప్రకటన చేసింది. "చీకటి స్టేజి మీద కత్తి వెలగాలి. ఎవరు వెలిగే కత్తి తెస్తే వాళ్ళే రాజు." చూశావా మావయ్యా! ఆరేళ్ళ నటనకి రాని సింహాసనం ఒక బ్యాటరీకి వస్తానంటోంది. నాకు పోటీ మా క్యాషియరు. అతగాడికున్న అర్హతల్లా సొంత గడ్డం. అద్దెకి తెచ్చుకోనక్కర్లేని గడ్డమని ఆఫీసంతా వాడివైపే ఉంది.

నా ప్రయత్నం నేను చేశాను. నాది చరిత్రలో డిగ్రీ. ఏ కత్తి ఏ యుద్ధంలో విరిగిందో చెప్పగలను గానీ ఏ తీగ ఎక్కడ అతకాలో చెప్పలేను. మొన్న ఆదివారం తెల్ల ప్లాస్టిక్ గొట్టంలోకి ఎల్‌ఈడీ పట్టీ దూర్చి, బ్యాటరీ తగిలించి, మీట నొక్కాను. కత్తి వెలగలేదు. నా చొక్కా జేబు వెలిగింది. అందులో ఉన్న రెండో బ్యాటరీకి తాళంచెవి తగిలిందట.

ఆరు వారాల్లో ప్రదర్శన. వంశ ప్రతిష్ఠ నీ చేతుల్లో ఉంది.

ఇట్లు,
కాబోయే మహారాజు (ప్రస్తుతం స్తంభం పక్క)

తా.క.: రాజుగారి కత్తి నీలంగా వెలగాలట. కాలిపోయిన చొక్కా నువ్వు నా పుట్టినరోజుకి పెట్టిందే. దానికి మౌనం పాటించాను.

---

చి॥ మేనల్లుడికి దీవెనలు. జేబులో బ్యాటరీ, తాళంచెవి కలిపి పెట్టుకున్నందుకు వాటిలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

నీ కాగితం అందింది. పని నమోదు చేసుకున్నాను.

ముందు రంగు సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు కూడళ్ళలో సిగ్నల్ దీపాలు బాగుచేశాను. నీలం దీపం చూసి ఆగినవాణ్ణీ చూడలేదు, కదిలినవాణ్ణీ చూడలేదు. నీలం అంటే ఏమిటట? వెళ్ళాలా, ఆగాలా? అర్థం లేని దీపం నేను పెట్టను.

ఇక అమరిక. పిడిలో మూడు బ్యాటరీలు, ఒకదాని వెనక ఒకటి. పక్కనే ఫ్యూజు. బొటనవేలికి అందేచోట మీట. గొట్టం లోపల పట్టీని సన్నటి చెక్కబద్దకి అతికించాలి, లేకపోతే కత్తి ఊపినప్పుడల్లా దీపాలు కడుపులో గులకరాళ్ళలా దొర్లుతాయి. దాని చుట్టూ ట్రేసింగ్ కాగితం చుడితే చుక్కలు చుక్కలుగా కాకుండా వెలుగు ఒకే పోతగా కనిపిస్తుంది. అతుకులన్నిటికీ గొట్టపు తొడుగులు. ఇవన్నీ నేనే చేస్తాను. నువ్వు దేన్నీ ముట్టుకోకు.

స్థలం ప్లాను పంపు. ఎవరు ఎటునుంచి వస్తారు, ఎక్కడ కలుసుకుంటారు, నడిచేవాళ్ళెంతమంది. ప్లాను లేకుండా దీపం పెట్టిన చరిత్ర నాకు లేదు.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఒరేయ్ నాన్నా, అత్తయ్యని. మీ మావయ్య స్టాంపు కోసం లోపలికెళ్ళాడు, గబగబా రాస్తున్నా. ఈసారైనా బతికుంటావా? ఆరేళ్ళుగా కొత్త చీర కట్టుకుని, రెండు బస్సులు మారి, ముందు వరసలో కూర్చుని నువ్వు చావడం చూసొస్తున్నాం. కిందటేడు పక్కావిడ "మీవాడేనా? చక్కగా పడ్డాడండీ" అంది. ఏమనాలి నేను? రాజంటే చివరిదాకా ఉంటాడుగా?

---

మావయ్య గారి పనిబల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి,

మేనల్లుడు రాయునది. దీవెనల్లో మిగిలిన సగం జాగ్రత్తగా దాచుకున్నాను.

ప్లాను జతపరిచాను. నాలుగు వైపులా నాలుగు దారులు. రాజు కుడి నుంచి వస్తాడు. సేనాపతి వెనక నుంచి వస్తాడు. సేనాపతి వేషం మా మీటర్ రీడరుది. మనిషి తీరు చూసి ఆఫీసులో అందరూ పీపా అంటారు, అతనూ పలుకుతాడు. నడుమ ఇంటూ గుర్తు పెట్టినచోట ఇద్దరూ ఢీకొంటారు. అటూ ఇటూ ఇద్దరు భటులు, ఒక చెలికత్తె నడుస్తూ ఉంటారు. వీళ్ళకి మాటల్లేవు, నడకే.

అత్తయ్యకి చెప్పు: ఆఖరి తెర పడేదాకా స్టేజి మీద నేనుంటాను. అబద్ధమైతే ఒట్టు.

ఇట్లు,
విధేయుడైన స్తంభం

తా.క.: ఇది నీకు మాత్రమే మావయ్యా. చదివి చింపెయ్. ఆఖరి తెర పడేటప్పుడు స్టేజి మీద ఉంటాను గానీ పడుకుని ఉంటాను. సేనాపతి రాజుని పొడిచేస్తాడు, కథ అంతే, విషాదాంతం. చచ్చేముందు నాకు పద్నాలుగు వాక్యాలున్నాయి! ఆరేళ్ళుగా "అబ్బా" అని ఒక్క మాటతో చస్తున్నవాడికి పద్నాలుగు వాక్యాలంటే ఏమిటో నీకు తెలీదు. అత్తయ్యకి మాత్రం చెప్పకు.

---

చి॥ మేనల్లుడికి దీవెనలు.

కత్తి పార్సెల్లో పంపాను. నీలం పట్టీ కొన్నాను గానీ అతకడానికి చెయ్యి రాలేదు. ఆకుపచ్చ పెట్టాను. రాజు వెళ్ళవచ్చు.

మీట నొక్కగానే మూడు సెకన్లు పసుపు మినుకుమంటుంది, ఆ తర్వాతే ఆకుపచ్చ. హెచ్చరిక లేకుండా ఏ దీపమూ వెలగకూడదు. ప్లాను చూశాను. చాలా రద్దీ కూడలి. నడిచేవాళ్ళు ముగ్గురున్నచోట, దారి దాటేముందు వాళ్ళు నొక్కే బటన్ పెట్టాలని మీ అత్తయ్య గుర్తుచేసింది. ఆవిడకి ఇలాంటి సాంకేతిక ఆసక్తి పుట్టడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇట్లు,
మావయ్య

తా.క.: నీ తా.క. చింపేశాను. ముక్కలు రెండు వేర్వేరు బుట్టల్లో వేశాను.

---

దీపదాత, కులోద్ధారకుడు అయిన మావయ్య గారి కుడిచేతికి (సోల్డరింగ్ చేసిన చేతికి) ముద్దులతో,

సింహాసనం మనదే!

నిన్న రిహార్సల్ గదిలో లైట్లార్పించి మీట నొక్కాను. మూడు సెకన్లు పసుపు మినుకుమినుకు. గదిలో ఊపిరి తీసినవాడు లేడు. ఆ తర్వాత పిడి నుంచి మొన దాకా ఆకుపచ్చ! "కత్తికి ప్రాణం వస్తున్నట్టుందయ్యా!" అంది మేడమ్. నీలం మాట ఎవరూ ఎత్తలేదు. కిరీటం నా నెత్తిన పెట్టింది. క్యాషియరు గడ్డం దువ్వుకుంటూ "బ్యాటరీ రాజు" అని గొణిగాడు. రాజులు అలాంటివి పట్టించుకోరు. రెండుసార్లు మాత్రమే పట్టించుకున్నాను.

ఒక్కటే చిక్కు. పీపా అలిగాడు. "వాడిది వెలిగి నాది వెలగకపోతే నేను వాణ్ణెలా చంపుతాను? ప్రేక్షకులు నమ్మరు" అని మూల కూర్చున్నాడు. అంత మనిషి అలిగితే మూల నిండిపోతుంది, కుర్చీలు తియ్యడానికి కూడా లేదు. మేడమ్ చెప్పేసింది: రెండో కత్తి కూడా రాకపోతే దీపాలూ వద్దు, నువ్వూ వద్దు, గడ్డమే రాజు.

కనక మావయ్యా, ఇంకొక్కటి.

ఇట్లు,
మహారాజు (తాత్కాలికం)

తా.క.: కిరీటం కాస్త వదులు. తల ఊపితే కళ్ళమీదికొస్తుంది. అందుకని కోపం వచ్చినా నెమ్మదిగా వస్తోంది.

---

చి॥ మేనల్లుడికి దీవెనలు.

ఒక కత్తి ఉన్నంతవరకు అది దీపం. రెండో కత్తి వస్తే అది కూడలి. ఈ తేడా నీకు తెలీదు, చరిత్ర చదివావు.

ఒకదాన్నొకటి ఖండించే రెండు దారులకి ఒకేసారి ఆకుపచ్చ ఇవ్వడం మా శాఖలో మహాపాపం. నా సర్వీసులో ఒక్కసారి కూడా జరగలేదు. ఇప్పుడు సొంత మేనల్లుడికి జరగనిస్తానా? అందుకని మొదటి కత్తి వెంటనే వెనక్కి పంపు. రెండూ కలిపి చేస్తాను.

ఇట్లు,
మావయ్య

తా.క.: పీపా గారి బండి ఏ దారిలో తిరుగుతుందో కనుక్కో. ఆ పేరున్నవాడు నాకు తెలుసేమో. ఎర్రదీపం దాటి రెండుసార్లు పోలీసులకి దొరికి, మూడోసారి నుంచి కూడలిలో ఎవరూ లేకపోయినా ఆగేవాడొకడు ఉండేవాడు.

---

మావయ్య గారికి,

మహారాజు ఆనందంతో రాయించునది (నేనే రాస్తున్నాను, లేఖకుణ్ణి ఇవ్వలేదు).

రెండు కత్తులూ అందాయి. వాటితోపాటు నువ్వు పంపిన సూచనల పుస్తకం పదకొండు పేజీలు. రెండో పేజీ దాకా నిష్ఠగా చదివాను. అందులో నువ్వు ఉద్యోగంలో చేరిన రోజున వాన పడిందని ఉంది. మిగతాది ప్రదర్శన అయ్యాక తీరిగ్గా చదువుతాను, నా పద్నాలుగు వాక్యాలే ఇంకా రావడం లేదు. రిహార్సల్లో బ్యాటరీలు అరిగిపోతాయని మేడమ్ కత్తులు బీరువాలో పెట్టి తాళం వేసింది. నేరుగా స్టేజి మీదే వెలిగిస్తాం.

అవును, ఆ పీపా మా పీపాయే. ఇప్పుడు చాలా మారాడట.

శనివారం సాయంత్రం ముందు వరసలో మీ ఇద్దరికీ కుర్చీలు పెట్టించాను. అత్తయ్యని కొత్త చీర కట్టుకోమను.

ఇట్లు,
మహారాజు

తా.క.: తొమ్మిదో పేజీలో "బటన్ పెట్టె" బొమ్మ ఉంది గానీ పార్సెల్లో అలాంటిదేం లేదు. అక్కర్లేదులే, మా భటులు బటన్ లేకుండా కూడా నడవగలరు.

---

ఒకప్పుడు నాకు మావయ్య అయిన ఆయన గారికి,

ఒకప్పుడు రాజు అయిన వ్యక్తి రాయునది.

నువ్వు ముందు వరసలోనే ఉన్నావు, అంతా చూశావు. అయినా స్టేజి మీద నుంచి అది ఎలా కనిపించిందో నీకు తెలియాలి. రాస్తున్నాను.

ఆఖరి రంగం. చీకటి. నేను కుడి నుంచి వచ్చాను. పీపా వెనక నుంచి వచ్చాడు. నా కత్తి పసుపు మినుకుమని ఆకుపచ్చగా వెలిగింది. హాలంతా చప్పట్లు. పీపా మీట నొక్కాడు. అతని కత్తి ఎర్రగా వెలిగింది. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఇద్దరం ఇంటూ గుర్తు దగ్గరికొచ్చాం. పీపా చెయ్యెత్తాడు. ఎత్తిన చేతిలో ఎర్రదీపం చూసుకున్నాడు.

ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాను పెదవి కదపకుండా.

"రెడ్ పడింది," అన్నాడు.

"అయితే?"

"అయితే ఏంట్రా, రెండుసార్లు దొరికాను."

ముప్పై సెకన్లు నిలబడ్డాం మావయ్యా. పీపా ఒక కాలు నేలకి ఆనించి, బండి మీద కూర్చున్నట్టే నిలబడ్డాడు. అప్పుడతనికి ఆకుపచ్చ వచ్చింది, నాకు ఎరుపు వచ్చింది. "దొరికావు రాజా!" అని మీదికి దూకాడు. నాలుగు దెబ్బలు వేశాడు. నేను కత్తి అడ్డం పెట్టబోతుంటే మూడో వరసలోంచి రవాణా శాఖ వాళ్ళు "ఏయ్, నీది రెడ్! కదలకు!" అని అరిచారు. నేనూ కదల్లేదు. కదలాలనిపించలేదు, ఎందుకో తెలీదు. మళ్ళీ నా వంతు వచ్చింది. నాలుగు దెబ్బలు నేను వేశాను, పీపా మర్యాదగా నిలబడి తిన్నాడు. ప్రేక్షకులు సెకన్లు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "అయిదు! నాలుగు! మూడు!" యుద్ధం కాదు మావయ్యా అది, క్రమశిక్షణ.

సరే, అదైనా భరిస్తాను. నా చావు మాటేమిటి?

పద్నాలుగు వాక్యాలు చెప్పాను. ఒక్కటీ మర్చిపోలేదు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదిన శబ్దం కూడా విన్నాను. ఆరేళ్ళుగా నేను ఎదురుచూసిన శబ్దం అది! గుండీలు విప్పి రొమ్ము చూపించి "పొడువు!" అన్నాను. పీపా కత్తి ఆకుపచ్చగా ఉంది. ఎత్తాడు. దించబోయాడు. అంతే, రెండు కత్తులూ ఒక్కసారి ఎర్రబడ్డాయి.

"ఆగు!" అంది హాలు.

ఆగాడు. నలభై సెకన్ల తర్వాత ఆకుపచ్చ. ఎత్తాడు. ఎరుపు. "ఆగు!" మళ్ళీ ఆకుపచ్చ. ఎత్తాడు. ఎరుపు. ఇలా అయిదుసార్లు! ఈలోగా ఏం జరిగిందో చూశావా? కత్తులు ఎర్రబడ్డ ప్రతిసారీ ఇద్దరు భటులూ, చెలికత్తే స్టేజికి అడ్డంగా ఆ పక్క నుంచి ఈ పక్కకి నడిచి వెళ్ళారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు! చెలికత్తె నాలుగోసారి దాటుతూ పీపాకి చెయ్యి ఊపి థాంక్స్ కూడా చెప్పింది. నేను రొమ్ము తెరుచుకుని నిలబడే ఉన్నాను. చలేసింది.

చివరికి తెర లాగేవాడికి విసుగొచ్చి లాగేశాడు.

హాలు పడిపడి నవ్వింది. విషాదాంతం మావయ్యా అది! మేడమ్ నా తల మీద కిరీటం తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, జిప్పు వేసి వెళ్ళిపోయింది. క్యాషియరు గడ్డానికి నూనె రాస్తున్నాడని సోమవారం తెలిసింది. నేను మళ్ళీ స్తంభం పక్కకే. కత్తులు పార్సెల్లో వెనక్కి పంపాను. ఏ లోపం వల్ల నేను చావలేకపోయానో నాకు రాతపూర్వకంగా కావాలి.

ఇట్లు,
భటుడు

తా.క.: ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పకు. తెర పడేసరికి నేను నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నిలబడి తెర అవతలి వైపు చూశాను. అత్తయ్య ఈలలు వేస్తోంది. అత్తయ్యకి ఈల వచ్చని నీకు తెలుసా?

---

చి॥ మేనల్లుడికి పూర్తి దీవెనలు. ఆపిన సగం కూడా ఇందులో కలిపాను.

నీ ఫిర్యాదు మేరకు రెండు కత్తులూ విప్పి పరీక్షించాను. బ్యాటరీలు, ఫ్యూజులు, అతుకులు సక్రమం. రెండిటికీ ఒకేసారి ఆకుపచ్చ పడలేదు. నాకు అదే చాలు. ఇక ఆఖరున అయిదుసార్లు ఎర్రబడడం లోపం కాదు. పదకొండు పేజీల్లో తొమ్మిదోది చదివి ఉంటే తెలిసేది: నడిచేవాళ్ళ బటన్ నొక్కితే రెండు కత్తులూ నలభై సెకన్లు ఆగిపోతాయి. వైరు అక్కర్లేదు, హాల్లో ఎక్కడున్నా పనిచేస్తుంది. ఆ పెట్టె పార్సెల్లో పోతుందేమోనని, చేత్తో తెస్తానని మీ అత్తయ్య తన దగ్గరే ఉంచుకుంది. నీకిచ్చిందనే అనుకున్నాను. ఇవాళ పెట్టె వెనక లెక్కపెట్టే ముల్లు చూశాను. అయిదు.

అడిగాను. "అవును, అయితే ఏంటట?" అంది. మిగతాది ఆవిడే రాస్తానంటోంది.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఒరేయ్ నాన్నా, నేనే నొక్కాను. ఏం చేస్తావ్?

ఈ ఇంటికొచ్చే ఉత్తరాలు ముప్పై ఏళ్ళుగా ముందు నేనే విప్పుతాను. "నీకు మాత్రమే" అని రాసినవి రెండుసార్లు చదువుతాను. రాజువయ్యీ చస్తావని తెలిసిన రోజే బటన్ పెట్టమని మీ మావయ్యకి చెప్పాను. పాపం, సాంకేతిక ఆసక్తి అనుకుని మురిసిపోయాడు, అలాగే ఉండనీ. నీ పద్నాలుగు వాక్యాలకి ముక్కు చీదింది వెనక వరసవాళ్ళు కాదురా, నేనే. చీదుతూనే నొక్కాను.

మీ మేడమ్ నిన్న మా ఇంటికొచ్చింది, నీకు ముఖం చూపించలేక. ఈ మధ్య అంత నవ్వించిన నాటకం రాలేదని న్యాయనిర్ణేతలు మిమ్మల్ని ఫైనల్‌కి ఎంపిక చేశారట. ఒకే షరతు, ముగింపు ఇలాగే ఉండాలట. క్యాషియరు చేత వేయించి చూసిందట గానీ, రెడ్ పడితే అంత జాలిగా నిలబడే ముఖం ఆఫీసులో నీదొక్కటేనట. కిరీటం మా ఇంట్లో వదిలి వెళ్ళింది, లోపల దూది కుట్టి బిగువు చేశాను. నన్ను కూడా బృందంలో చేర్చుకుంది. బటన్ వేషం. కరపత్రంలో పేరు వేస్తారట, నీ పేరు కింద, పీపా పేరు పైన.

ఫైనల్లోనైనా చావాలని నీకు మరీ అంత మోజుగా ఉంటే ముందే రాయి. నోటిమాట మీద బటన్ వదలను. కాగితం రావాలి.